58 దాటితే గాలం పెట్టెలోకి

మార్చి మూడో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి బిగ్ డార్బీ వాగులో థర్మామీటరు ముంచాను. తాడు కట్టిన చిన్న గాజు థర్మామీటరు. రెండు నిమిషాలు నీళ్ళలో ఉంచి, తీసిన వెంటనే చదవాలి, ఆలస్యం చేస్తే గాలి తగిలి అంకె మారిపోతుంది. 47 ఉంది. ఇక్కడి ఫారన్‌హీట్ లెక్క అది, మన లెక్కలో 8 డిగ్రీలు. ఒడ్డు మీద మంకీ క్యాపు పెట్టుకుని, మా ఆయన కోటు తొడుక్కుని నిలబడ్డ నాన్న "ఎంతుందమ్మా?" అన్నారు, ఇంట్లో పిల్లలకి జ్వరం చూసినప్పుడు అడిగినట్టే. చెప్పాను.

"ఇంత చన్నీళ్ళలో చేప నోరు తెరుస్తుందా?"

తెరుస్తుంది. తెరిచే ఆ నాలుగైదు వారాల కోసమే నేను చలికాలమంతా రోజులు లెక్కపెట్టుకుంటాను. అమెరికాలో మేముండే ఈ ఒహాయో రాష్ట్రపు వాగుల్లో బాస్ అనే చేపని పట్టడానికి ఏడాది పొడుగునా అనుమతి ఉంది కాబట్టి సీజను మొదలయ్యే తారీఖంటూ చట్టంలో లేదు. నాకు మాత్రం ఉంది. నీళ్ళు 45 దాటిన రోజు మొదలు, 58 చేరిన రోజు ఆఖరు. ఆ తరవాత జూన్ సగం దాకా గాలం ముట్టుకోను. ఎందుకని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. నాన్న కూడా అడిగారు. ఆయనకి చెప్పింది ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది కొలంబస్‌కి పడమటి వైపు. ఇంటినుంచి అరగంటలో బిగ్ డార్బీ. పేరుకి క్రీక్, అంటే వాగు. కానీ 80 మైళ్ళకు పైగా పారి సర్కిల్‌విల్ దగ్గర సయోటో నదిలో కలుస్తుంది. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. ఆ చేల మధ్య ఇంత శుభ్రంగా మిగిలిన వాగు ఈ చుట్టుపక్కల అరుదు. 1984లో రాష్ట్రప్రభుత్వం, 1994లో కేంద్రం దీన్ని సీనిక్ రివర్‌గా గుర్తించి రక్షణ కల్పించాయి. వందకు పైగా చేపజాతులు, నలభై దాకా ఆల్చిప్పల జాతులు ఇందులో ఉన్నాయి. ఒడ్డు పొడుగునా సైకమోర్ చెట్లు. పైబెరడు పెచ్చులుగా ఊడిపోయి కొమ్మలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు గోదావరి గట్టున తెల్లమద్దులు గుర్తొచ్చి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

నేను పట్టేది స్మాల్‌మౌత్ బాస్. దీని అన్నదమ్ముల్లాంటి లార్జ్‌మౌత్ నిలవనీటి చేప, చెరువుల్లో నాచు పక్కన ఉంటుంది. నోరు మూసినప్పుడు లార్జ్‌మౌత్ దవడ కన్ను దాటి వెనక్కి పోతుంది, స్మాల్‌మౌత్‌ది కన్ను దగ్గరే ఆగిపోతుంది. ఒంటిమీద నిలువు చారలు, ఎర్రటి కన్ను. రంగు ఇత్తడి. తోమిన ఇత్తడి అనుకోకండి, పండక్కి చింతపండు పెట్టి రుద్దకముందు అటకమీంచి దించిన బిందె రంగు. 1802లో లాసెపేడ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి మైక్రోప్టెరస్ డొలొమ్యూ అని పేరు పెట్టాడు. మైక్రోప్టెరస్ అంటే చిన్న రెక్క చేప అని. నిజానికి దీని రెక్క చిన్నదేం కాదు. ఆయన చేతికొచ్చిన చేపకి వెన్నురెక్క దెబ్బతిని చివర చిన్న ముక్క విడిగా ఉంది, దాని రూపమే అంత అనుకున్నాడు. డొలొమ్యూ అప్పటి రాళ్ళ శాస్త్రవేత్త. డోలమైట్ రాయికి కూడా ఆయన పేరే. మా ప్రాంతంలో నేల అడుగున పరుచుకుని ఉన్నది సున్నపురాయి, డోలమైటు. ఆ రాయి పేరే మోస్తున్న చేప, ఆ రాళ్ళ దేశంలోనే ఈదుతోంది. వాగులో చల్లటి గులకరాయి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఈ సంగతి గుర్తొచ్చి ఒళ్ళు పులకరిస్తుంది.

చలికాలంలో ఈ చేపలు లోతు మడుగుల్లో అడుగుకి చేరి, ఒకదాని పక్కన ఒకటి కదలకుండా పడుంటాయి. వాటి ఒంటి వేడి నీటి వేడే. నీళ్ళు చల్లబడితే వాటికి ఆకలీ చల్లబడుతుంది. 45 దాటితే మెల్లగా కదుల్తాయి. 50 దగ్గర పడేసరికి రాళ్ళకింద క్రేఫిష్ బయటికి రావడం మొదలుపెడుతుంది. రొయ్యకీ ఎండ్రకాయకీ మధ్య రూపం అది, స్మాల్‌మౌత్‌కి అంతకు మించిన తిండి లేదు. అప్పటికే ఆడచేప పొట్టలో గుడ్లు బరువెక్కుతుంటాయి. అందుకని ఈ రోజుల్లో దొరికే చేపలు ఏడాదిలో కెల్లా బలిసి ఉంటాయి, పెద్దవీ ఉంటాయి.

వేసవిలోలాగా వడి నీళ్ళలో వెతికితే మాత్రం ఒక్కటీ దొరకదు. తొలిరోజుల్లో ఆ తప్పు నేనూ చేశాను, రెండు మార్చిలు ఉత్తచేతులతో ఇంటికొచ్చాను. చలి నీళ్ళలో చేప ఖర్చుకి వెనకాడుతుంది. ప్రవాహానికి ఎదురు నిలబడటమంటే కూర్చుని తినే ఇంట్లో రోజూ కూలికి వెళ్ళడం లాంటిది. అందుకని పెద్ద బండ వెనకో, పడిపోయిన మాను వెనకో, నీళ్ళు ఆగి మెల్లగా తిరిగే చోట ఉంటుంది. పారే నీటికీ నిలిచిన నీటికీ మధ్య సన్నటి గీత కనబడుతుంది, నురుగు చుక్కలు ఆ గీత వెంబడే పోతుంటాయి. గీతకి ఇవతల, నిలవ వైపు, అడుగున. పొద్దున్నే లేచి పరిగెత్తాల్సిన పనీ లేదు. శుభ్రంగా భోంచేసి వెళ్ళాలి. మూడు దాటాక, ఎండ బాగా తగిలిన ఉత్తరపు ఒడ్డు దగ్గర నీళ్ళు అవతలి ఒడ్డుకంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువుంటాయి. మనకి చేతితో తెలియని ఆ రెండు డిగ్రీలు చేపకి తెలుసు.

బయల్దేరే ముందు ఫోన్లో చూసుకునేది ప్రవాహం. డార్బీవిల్ అనే ఊరి దగ్గర అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళ కొలత కేంద్రం ఉంది, సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీళ్ళు పోతున్నాయో ఎప్పటికప్పుడు ఆన్‌లైన్లో పెడతారు. సెకనుకి ఒక ఘనపుటడుగంటే మన క్యూసెక్కే. ఆ మాట వినగానే నాన్న కళ్ళు వెలిగాయి. వరదొచ్చిన ప్రతిసారీ ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షలో రేడియోలో విని, మిద్దె మీదకి బియ్యం బస్తాలు ఎక్కించాలో వద్దో తేల్చుకున్న మనిషి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మేం మూడు రాత్రులు బడి మేడమీద పడుకున్నాం.

"ఇక్కడ ఇవాళ ఎంత?"

"మూడొందల ఎనభై, నాన్నా."

"లక్షలా?"

"ఉత్త మూడొందల ఎనభై."

ఆయన వాగు వైపు చూసి, "మన పంటకాలవ" అన్నారు. ఆ మాటలో ఎంత ఆప్యాయత ఉందో నాకు తెలుసు. ఇక్కడికొచ్చిన పది రోజుల్లో ఆయన దేన్నైనా "మన" అనడం అదే మొదలు.

కానీ పంటకాలవని నమ్మినట్టు దీన్ని నమ్మకూడదు, ముఖ్యంగా మార్చిలో. డార్బీవిల్ అంకె 500 దాటితే నేను నీళ్ళలో దిగను, ఒడ్డునుంచే వేస్తాను. నీళ్ళు పెరుగుతూ బురదగా ఉంటే వెళ్ళనే వెళ్ళను. వాన వెలిసి రెండు మూడు రోజులయ్యాక, నీళ్ళు పాలు ఎక్కువైన టీ రంగునుంచి లేత పచ్చకి తిరిగే రోజు మంచిది. ఇదంతా ఊరికే నేర్చుకోలేదు. మొదటి ఏడాది వేడర్లు, అంటే ఛాతీదాకా ఉండే నీళ్ళు చొరని పంట్లాం, వేసుకుని, నడుము బెల్టు బిగించుకోకుండా దిగాను. పాచిపట్టిన పలకరాయి మీద కాలు జారింది. నీళ్ళు 44 డిగ్రీలు. పైనుంచి లోపలికి నీళ్ళు పోయి కాళ్ళు రెండూ సంచుల్లా నిండాయి. మోకాళ్ళ లోతులోనే ఉన్నాను, అయినా లేవలేకపోయాను. నాకు ఈ వాగు పరిచయం చేసిన మా పక్కింటి పెద్దాయన భుజం పట్టి ఒడ్డుకి లాగారు. కారులో హీటరు పెట్టుకుని కూర్చున్నా పావుగంట దాకా తాళంచెవి పట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు. బెల్టు బిగిస్తే లోపలికి అన్ని నీళ్ళు పోవు. అప్పట్నుంచీ బెల్టు, చేతికర్ర, కారులో పొడిబట్టలు, ఎవరైనా ఒకరు తోడు. ఇవి లేకుండా చలి నీళ్ళలో దిగకండి, ఎంత చిన్న వాగైనా సరే. నదికి అడ్డంగా కట్టిన పొట్టి ఆనకట్టల కింద అయితే ఏ కాలంలోనూ దిగొద్దు. చూడ్డానికి రెండడుగుల జారుడులా ఉంటుంది, కింద నీళ్ళు వెనక్కి తిరిగి మనిషిని అక్కడక్కడే తిప్పుతాయి, బయటికి రానివ్వవు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆరున్నర అడుగుల సన్నటి స్పిన్నింగ్ రాడ్డు (దారం చుట్టే చక్రమున్న గాలంకర్ర), ఆరు పౌన్ల బరువు ఆపే దారం, బొటనవేలంత గోధుమరంగు రబ్బరు ముక్క తొడిగిన చిన్న జిగ్. జిగ్ అంటే తలకి సీసం పోసిన గాలమే. గాలం కొనకి వెనక్కి తిరిగిన ముల్లుంటుంది కదా, దాన్ని పటకారుతో నొక్కేస్తాను. విడిపించేటప్పుడు చేప నోరు చిరగదు. ఖరీదైన సామాను కొంటేనే చేప పడుతుందనే మాట నేను నమ్మను. చిన్నప్పుడు వెదురుకర్రకి నైలాన్ దారం కట్టి, బెండు గుచ్చి, ఎర్రలు పెట్టి పట్టినదాన్ని.

ఆ ఆదివారం మడుగు దిగువన, మూడడుగుల లోతులో ఒక బండ వెనక వేస్తూ నిలబడ్డాను. ఎగువకి విసిరి, జిగ్ అడుగు తాకేదాకా ఆగి, రాడ్డు కొన జానెడు ఎత్తి, మళ్ళీ దించి, పది లెక్కపెట్టాలి. మళ్ళీ జానెడు. మళ్ళీ పది. చేతికి గులకరాళ్ళు ఒక్కొక్కటే తెలుస్తాయి, గీరుకుంటున్నట్టు టిక్కు టిక్కుమంటుంది. చెయ్యి తొందరపడుతుంది, దాన్ని ఆపడమే ఈ కాలపు విద్యంతా. ఒడ్డు మీద నాన్న ఏమీ మాట్లాడకుండా నించున్నారు. ఎగువనెక్కడో లకుముకి పిట్ట కిటకిటలాడుతూ పోయింది. గంటా పది నిమిషాలు ఏమీ లేదు.

తరవాత ఆ టిక్కు టిక్కు ఆగిపోయింది. లాగలేదు, గుంజలేదు. రాళ్ళు తెలియడం ఆగి, దారం చివర తడిగుడ్డ తగులుకున్నట్టు కొంచెం బరువు. ఈ చలిలో బాస్ తినడమంటే అంతే, నోరు తెరిచి లోపలికి పీల్చుకుని ఊరుకుంటుంది. రాడ్డు ఎత్తాను. ఆ బరువు ఒక్క క్షణం కదల్లేదు. ఆ పైన తల రెండుసార్లు అడ్డంగా ఊపింది, ఆ ఊపు మోచేతిదాకా వచ్చింది. వేసవి చేపలా గాల్లోకి ఎగరలేదు. అడుగునే ఉండి ప్రవాహం వైపు, అటునుంచి బండ వైపు, మళ్ళీ ప్రవాహం వైపు లాగింది. దగ్గరికొచ్చాక నీళ్ళలో ఇత్తడి మెరుపొకటి పక్కకి తిరిగింది. "వచ్చింది, వచ్చింది, దారం సళ్ళనివ్వకు!" అని ఒడ్డునుంచి నాన్న కేక. ఆయన్ని అలా కేకేసిన మనిషిగా చూసి ముప్పై ఏళ్ళయింది.

పదిహేడంగుళాలు. చేతులు తడుపుకుని, పొట్టకింద ఒక చెయ్యి పెట్టి, నీళ్ళలోనే పట్టుకున్నాను. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటిమీద జిగురు ఊడొస్తుంది, ఆ జిగురే దానికి కాపు. పొట్ట గుండ్రంగా, గట్టిగా ఉంది. నాన్న వంగి చూశారు. "గుడ్లమీదుంది" అన్నారు. గాలం తీశాను. తల ఎగువకి తిప్పి పట్టుకుంటే మొప్పలు రెండుమూడుసార్లు ఆడాయి, తోక ఒకసారి నా మణికట్టుకి తగిలింది, వెళ్ళిపోయింది.

నాన్న కాసేపు ఆ నీళ్ళ వంకే చూశారు. "వదిలేస్తావని చెప్పావుగానీ, నిజంగా వదిలేస్తావనుకోలేదు" అన్నారు. "మామిడికాయ ముక్కలేసి పులుసు పెడితే నలుగురం తినేవాళ్ళం. మరి ఎందుకమ్మా పట్టడం?"

చిన్న వాగులో ఈ చేప ఇంత కావడానికి ఏడెనిమిదేళ్ళు పట్టొచ్చని, గుడ్లతో ఉన్నదాన్ని తీసేస్తే ఈ మడుగుకి చాలా ఏళ్ళ నష్టమని చెప్పాను. ఆయన తలూపారు. కానీ ఆయన అడిగింది అది కాదు. ఎందుకు పట్టడమని అడిగారు. దానికి నా దగ్గరున్న జవాబు చిన్నది. "చూడ్డానికి నాన్నా. ఇంకోలా అది నాకు కనబడదు" అన్నాను. ఇది చేపకి బాధేనని నాకు తెలుసు. అందుకే ఎంతవరకు పట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది నాకు ఇంత ముఖ్యమైంది.

కారు దగ్గరికి నడుస్తుంటే కొర్రమీను సంగతి ఎత్తాను. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

మాది ఆకివీడు దగ్గర ఊరు. ఇంటి వెనక పంటబోదె. నాకు తొమ్మిదేళ్ళు, తొలకరి పడి నాట్లు అవుతున్న రోజులు. బోదెలో తూటికాడల పక్కన నీళ్ళమీద కుంకుమ రంగు మరకొకటి కదుల్తోంది. గుప్పెడు కుంకుమ ఎవరో నీళ్ళలో కలిపినట్టుంది, పైకొస్తుంది, కిందికి పోతుంది, మళ్ళీ నాలుగడుగుల అవతల తేలుతుంది. కొర్రపిల్లలు. వందల కొద్దీ. కొర్రమీను పిల్లలు పుట్టిన కొత్తలో ఆ రంగులోనే ఉంటాయి, గుంపు విడవవు, వాటి కిందే పెద్ద చేప కాపలా తిరుగుతుంటుంది. నేను పరిగెత్తుకెళ్ళి మా చిన్నమావయ్యకి చెప్పాను. చూపించింది నేనే. ఆయన చిన్న కప్పని గాలానికి గుచ్చి ఆ కుంకుమ మధ్యలో వేశాడు. నీళ్ళు పేలినట్టయింది. అది ఆకలితో వచ్చిన దెబ్బ కాదు, కోపంతో వచ్చింది. కిలోన్నర చేప. అమ్మమ్మ బూడిద రాసి రుద్ది కడిగి కోసింది. పొట్టలో ఏమీ లేదంది. "పిల్లల్ని కాసేదాన్ని పట్టుకొచ్చార్రా, పాపం" అంది. అంది గానీ పులుసు పెట్టింది.

సాయంత్రం మళ్ళీ బోదె దగ్గరికి వెళ్ళాను. కుంకుమ చెదిరిపోయి అక్కడింత ఇక్కడింతగా ఉంది. ఒడ్డున రెండు కొంగలు. నీళ్ళలో కిందనుంచి జెల్లలు పొడుస్తుంటే చుక్కలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. మర్నాడు పొద్దున్న వెళ్తే ఉత్త నీళ్ళు.

చెప్పడం అయ్యాక నాన్న కారు తలుపు మీద చెయ్యేసి ఆగారు. "ఆ రోజు పులుసు నువ్వు తినలేదు" అన్నారు. "కడుపు నెప్పి అన్నావు. మీ అమ్మ వాము నమిలించింది."

నలభై ఏళ్ళు అది నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

స్మాల్‌మౌత్‌ది కూడా అదే కథ. నీళ్ళు 60కి దగ్గర పడగానే మగచేప, ఒడ్డు దగ్గర వడి తగలని చోట, తోకతో గులకరాళ్ళమీది బురద ఊడ్చి చేటంత గుండ్రటి చోటు చేస్తుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. కాపలా అంతా తండ్రిదే. రాత్రీ పగలూ అక్కడే ఉండి, రెక్కలతో గుడ్లకి నీళ్ళు విసురుతూ, వచ్చినవాటినల్లా తరుముతుంది. ఆ రోజుల్లో తిండి కూడా సరిగ్గా తినదు. గుడ్లు పొదిగాక పిల్లలు పైకి లేస్తాయి. కొర్రపిల్లలు కుంకుమైతే ఇవి కాటుక, నల్లటి పొగలా గూటిమీద ఆడతాయి. అవి చెదిరిపోయి ఎవరి దారి వాళ్ళు చూసుకునేదాకా తండ్రి వాటి వెంటే.

ఆ సమయంలో పట్టడం చాలా తేలిక. లేతరంగు గుండ్రాలు ఒడ్డునుంచే కనబడతాయి. మధ్యలో ఏది పడినా చేప దాన్ని నోటితో తీసి అవతల పారెయ్యాలని చూస్తుంది, గాలం తగులుకుంటుంది. అయిదేళ్ళ కిందట మే మొదట్లో ఒక్క గంటలో ఏడు పట్టాను. నా అంత మొనగత్తె లేదనుకున్నాను. ఎనిమిదోదాన్ని పట్టి, ఫోటో కోసం ఫోన్ తీసి, ఎండ ఎటుందో చూసుకుంటూ రెండు నిమిషాలు గడిపి ఉంటాను. కాళ్ళ దగ్గర నీళ్ళలోకి చూస్తే ఆ గూట్లో అరచేయంత సన్‌ఫిష్‌లు అయిదారు తలకిందులుగా నిలబడి ఉన్నాయి. ముక్కులు గులకరాళ్ళలో పెట్టి ఏరుకుంటున్నాయి. చేతిలో తండ్రి, కాళ్ళ దగ్గర అది. కొంగలు గుర్తొచ్చాయి, జెల్లలు గుర్తొచ్చాయి. చేపని వదిలాను గానీ అది అలిసిపోయి పక్కనే ఒక రాయికింద ఆగిపోయింది, గూటికి వెళ్ళేసరికి చాలాసేపు పట్టింది. నేను పట్టి వదిలేస్తాను కాబట్టి నావల్ల ఏ నష్టమూ లేదని అప్పటిదాకా అనుకునేదాన్ని.

60కి గూడు కడతాయి కాబట్టి రెండు డిగ్రీలు ముందే, 58కే ఆపేస్తాను. వాగులో అన్ని చోట్లా ఒకే వేడి ఉండదు, నా థర్మామీటరు 58 చూపించినప్పుడు ఏదో ఎండమూలన 60 అయ్యే ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో చాలాచోట్ల జూన్ మూడో నాలుగో వారం దాకా బాస్ పట్టనివ్వరు. మా రాష్ట్రంలో వాగులకి అలాంటి చట్టం లేదు. ఉండాలని నా కోరిక. లేనన్నాళ్ళూ థర్మామీటరే చట్టం.

ఈ ఏడాది ఏప్రిల్ 22న 58 వచ్చింది. అంతకు ముందు వారం నాన్నకి ఒక్కరోజు లైసెన్సు కొని రాడ్డు చేతికిచ్చాను. పన్నెండంగుళాల మగచేపని పట్టారు. పది లెక్కపెట్టడం నాకన్నా బాగా వచ్చు ఆయనకి, తొందర లేదు. వదిలేటప్పుడు దాంతో ఏదో అన్నారు, నాకు వినబడలేదు.

మే రెండో వారంలో ఇద్దరం ఉత్తచేతులతో వెళ్ళాం. నీళ్ళు బాగా తగ్గి, అడుగు ఇసుకరవ్వతో సహా కనబడుతోంది. ముందు ఆల్చిప్పని చూపించాను. గులకలో సగం కూరుకుని, నోరు కొంచెం తెరిచి, అంచున సన్నటి కండ ఒకటి ఆడిస్తోంది. కన్ను మచ్చతో సహా అచ్చం చిన్న చేపపిల్లే. బాస్ దాన్ని చేపనుకుని కొరకబోతే, ఆల్చిప్ప తన పిల్లల్ని దాని నోట్లోకి చిమ్ముతుంది. కంటికానని ఆ పిల్లలు బాస్ మొప్పలకి అంటుకుని కొన్నాళ్ళు పెరిగి, రాలి అడుగున పడి తమ బతుకు తాము బతుకుతాయి. ఈ రకానికి మొప్పలిచ్చి పెంచేది ముఖ్యంగా స్మాల్‌మౌతే. బాస్ లేకపోతే ఈ చిప్ప లేదు. నాన్న తియ్యబోతే వారించాను. ఇక్కడ ఖాళీ చిప్పని కూడా ఇంటికి తీసుకెళ్ళకూడదు, నేరం. ఆయన మోకాళ్ళమీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది కూడా గాలం వేస్తోందమ్మా" అన్నారు.

గూడు అక్కడికి ఇరవై అడుగుల ఎగువన, పడిపోయిన సైకమోర్ మాను పక్కన. లేతగా, శుభ్రంగా, చేటంత. మధ్యలో చేప. నీళ్ళలో నిలబడ్డట్టే ఉంది గానీ పక్కరెక్కలు ఆగకుండా కదుల్తున్నాయి. ఒక చిన్న సన్‌ఫిష్ అంచు దాకా వచ్చింది. చేప అడుగు ముందుకేసినట్టు ఒక్కసారి కదిలింది, సన్‌ఫిష్ లేదు. మళ్ళీ మధ్యలోకొచ్చి రెక్కలు ఆడించడం మొదలుపెట్టింది. తోక అంచులు అరిగి తెల్లబడ్డాయి, రాళ్ళు ఊడ్చి ఊడ్చి. నేను ఇంకా బాగా కనబడుతుందని రెండడుగులు ముందుకి వేశాను.

నాన్న నా జబ్బ పట్టుకున్నారు.

"నీ నీడ దానిమీద పడుతోంది. ఇటు రా తల్లీ, ఇటు నించుందాం."